పగడాల ట్యాంకుకు మరమ్మతు చేసే రోజుల్లో జీవులకు తాత్కాలిక బస

సముద్రపు అక్వేరియం ఉన్న ఇంట్లో కొన్నేళ్లకొకసారి తప్పించుకోలేని పని ఒకటి వస్తుంది. అద్దాల మూలల్లో సిలికాన్ పట్టు సడలి నీరు చెమ్మగిల్లుతుంది, లేదా కింది ఇనుప స్టాండు ఉప్పు తుంపరకు తుప్పు పడుతుంది, లేదా ఏళ్ల తరబడి కదపని ఇసుక అడుగున నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. అప్పుడు ట్యాంకును అడుగు దాకా ఖాళీ చేయక తప్పదు. ఖాళీ చేయడం ఒక పూట పనే. ఆ పూట నుంచి ట్యాంకు మళ్లీ కుదుటపడే దాకా చేపలను, పగడాలను, రొయ్యలను, నత్తలను ప్రాణాలతో కాపాడుకోవడమే అసలు పని. మరమ్మతు గురించి నెల రోజులు ఆలోచించినవారు కూడా జీవుల బస విషయానికి వచ్చేసరికి ఆ ఉదయం బజారుకు వెళ్లి రెండు టబ్బులు తెచ్చి సరిపెట్టుకుంటారు. నష్టాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

ఇక్కడ ఉదాహరణగా హైదరాబాదులోని ఒక అపార్ట్‌మెంటులో ఉన్న 300 లీటర్ల ట్యాంకును తీసుకుంటున్నాను. అందులో ఒక జత క్లౌన్ చేపలు, టాంగ్, వ్రాస్, గోబీ అనే చేపలు ఒక్కొక్కటి, రెండు క్లీనర్ రొయ్యలు, కొన్ని నత్తలు, ముప్పై కిలోల దాకా లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు కాపురమున్న సముద్రపు రాయి), దానిమీద పెరిగిన మెత్తటి పగడాలు ఉన్నాయనుకుందాం. మెత్తటి పగడాలనే ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రపు గుర్రాలదీ అదే సంగతి. వాటిని ఇంట్లో పెంచే ఆలోచనే పెట్టుకోకూడదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ అక్కడి చట్టాల ప్రకారం రాతి పగడాలు పెంచుతున్న తెలుగువారికి అవసరమైన ఒకటి రెండు మాటలు సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఎన్నాళ్ల బస అన్నది ముందు తేల్చుకోవాలి

తాత్కాలిక ఏర్పాటు ఎంత గట్టిగా ఉండాలన్నది జీవులు బయట ఎన్నాళ్లు ఉండాలనే దానిమీద ఆధారపడుతుంది. స్టాండు మార్చడం, రాళ్లను కొత్తగా పేర్చడం వంటి పనులు ఉదయం మొదలుపెడితే సాయంత్రానికి పూర్తవుతాయి. అటువంటప్పుడు వెచ్చదనం, నీటి కదలిక ఉన్న టబ్బులు చాలు. ఇసుక పూర్తిగా మార్చే పనికి మూడు నాలుగు రోజులు పెట్టుకోవడం మంచిది. సిలికాన్ కొత్తగా వేయవలసి వస్తే మాత్రం లెక్క వేరు. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు కాబట్టి పాతదాన్ని బ్లేడుతో పూర్తిగా గీకి, అద్దాన్ని స్పిరిట్‌తో తుడిచి, బూజు నిరోధక మందు కలపని శుద్ధ సిలికాన్ వేసి, అది ఆరడానికి వారం రోజులు ఇచ్చి, ఆ తరువాత మంచినీరు నింపి కనీసం ఒక రోజంతా కారడం లేదని చూసుకోవాలి. అంటే జీవులు ఎంత తక్కువగా చూసినా పది రోజులు బయట ఉంటాయి. మేస్త్రీ, అద్దాల పనివాడు, కార్పెంటర్ చెప్పిన గడువుకు ఎప్పుడూ కొంత కలుపుకోవాలన్నది ఇల్లు కట్టించిన ప్రతివారికీ తెలిసిన విషయమే, ఇక్కడా అంతే. మూడు రోజులన్న పనికి వారానికి సరిపడే ఏర్పాటు చేసుకుంటే గుండె నిబ్బరంగా ఉంటుంది.

కాలం కూడా చూసుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండల్లో పెద్ద ట్యాంకునే చల్లగా ఉంచడం కష్టమైనప్పుడు వంద లీటర్ల టబ్బు ఇంకా త్వరగా వేడెక్కిపోతుంది. హైదరాబాదులో ఈ పనికి డిసెంబరు, జనవరి నెలలు అన్నిటికంటే అనువైనవి. అప్పుడు హీటర్ ఒక్కటి ఉంటే చాలు, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం అవసరం రాదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాను గాలితో నీటిని చల్లబరచడం పెద్దగా ఫలించదు. అక్కడ వేసవిలో తప్పనిసరైతే ఏసీ ఉన్న గదిలో టబ్బులు పెట్టుకోవాలి.

టబ్బులోకి ముందుగా వెళ్లవలసినది లైవ్ రాక్

చేపలు వదిలే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా నీటిలో తేలుతూ ఉండదు. అది రాళ్ల రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, ఫిల్టరు స్పాంజిలో అతుక్కుని ఉంటుంది. పాత ట్యాంకు నీటినే టబ్బులో పోశాం కదా, బ్యాక్టీరియా కూడా వచ్చేసింది అనుకోవడం పొరపాటు. పాత నీటివల్ల లాభం ఉంది, ఎందుకంటే దాని లవణీయత (ఉప్పదనం), ఆల్కలినిటీ (క్షారత) జీవులకు అలవాటైనవి. కాని దానికి అమ్మోనియాను శుద్ధి చేసే శక్తి దాదాపు లేదు. ఆ శక్తి రాళ్లలో ఉంది. అందుకే చేపలున్న టబ్బులోనే కొంత లైవ్ రాక్ పెట్టాలి. వంద లీటర్ల టబ్బుకు ఎనిమిది నుంచి పది కిలోల రాయి ఉంటే, తిండి తగ్గించినప్పుడు రెండు మూడు చిన్న చేపల వ్యర్థాలను అది తట్టుకుంటుంది. మిగిలిన రాళ్లను ఇంకో టబ్బులో పెట్టినా అక్కడా వెచ్చని నీరు, ఒక పంపు ఉండి తీరాలి. కదలని నీటిలో వదిలేస్తే రాయి లోపలి జీవులు, ముఖ్యంగా స్పాంజులు, ఊపిరాడక చచ్చి అవే అమ్మోనియాగా మారతాయి. ఎండిన రాయిని మళ్లీ ట్యాంకులో పెట్టడమంటే కొత్త ట్యాంకు పెట్టినట్టే.

బస పది రోజులు దాటుతుందనుకుంటే ఇంకొక జాగ్రత్త ఉంది. పనికి నాలుగు వారాల ముందే రెండు స్పాంజి ఫిల్టర్లను ప్రస్తుత ట్యాంకు సంప్‌లో వేసి ఉంచాలి. (మన ఇళ్లలో సంప్ అంటే నేల కింద నీళ్ల తొట్టి అని అర్థం, అక్వేరియం వాళ్ల మాటలో అది ట్యాంకు కింద అమర్చే ఫిల్టరు పెట్టె.) పని రోజున ఆ స్పాంజులను తీసి నేరుగా టబ్బులలో పెట్టి ఎయిర్ పంపుకు తగిలిస్తే, బ్యాక్టీరియా నిండిన ఫిల్టరు తొలి గంట నుంచే పని చేస్తుంది. ఖర్చు కొన్ని వందల రూపాయలు మాత్రమే. ఒక్క సలహా ఇవ్వమంటే నేను ఇదే ఇస్తాను.

నీరు, ఉప్పు

300 లీటర్ల ట్యాంకులో రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు పోగా నీరు 250 లీటర్లు ఉంటుంది. అందులో పైనుంచి తీసిన తేటనీటిని 150 లీటర్ల దాకా టబ్బులకు వాడుకోవచ్చు. అడుగున ఇసుక కదిలాక మిగిలే నీరు బురద, దాన్ని పారబోయవలసిందే. కాబట్టి కనీసం 150 లీటర్ల కొత్త ఉప్పునీరు ముందు రోజే కలిపి, పంపుతో తిప్పుతూ, వెచ్చగా సిద్ధంగా ఉంచుకోవాలి. లీటరుకు సుమారు 36 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం పడుతుంది, అంటే మొత్తానికి ఐదున్నర కిలోలు. కంపెనీని బట్టి ఇది కొద్దిగా మారుతుంది కనుక పొట్లం మీది కొలత చూసి, చివరికి లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరుతో 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) వచ్చిందో లేదో సరిచూసుకోవాలి. ఆ పరికరాన్ని మంచినీటితో కాకుండా 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకుంటే కొలత నమ్మదగినదిగా ఉంటుంది. వంటింటి ఉప్పు దీనికి పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు, అయినా చెబుతున్నాను.

ఉప్పు కలిపే నీటి గురించి మన ఊళ్లలో ఒక చిక్కు ఉంది. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీటిలో టీడీఎస్ (కరిగిన లవణాల మోతాదు) చాలాచోట్ల వందల్లో ఉంటుంది. ఇంట్లో తాగే నీటికి పెట్టుకున్న ఆర్.ఓ. యంత్రం ఉంది కదా అని దాని కుళాయి కింద బకెట్టు పెట్టేవారు చాలామంది. ఆ యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం కొంత ముడినీటిని మళ్లీ కలిపే టీడీఎస్ కంట్రోలరో, ఖనిజాలు కలిపే గొట్టమో ఉంటుంది. అవి రెండూ తగలకముందే, మెంబ్రేన్ (వడపోత పొర) నుంచి నేరుగా వచ్చే నీటిని పట్టుకుని, దాన్ని మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుళికల గుండా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపిన నీటినే వాడాలి. ఇంటి యంత్రం గంటకు పది పదిహేను లీటర్లకు మించి ఇవ్వదు కాబట్టి నాలుగు రోజుల ముందునుంచే ఇరవై లీటర్ల క్యాన్లలో పోగుచేసుకోవడం మొదలుపెట్టాలి. ఆవిరైన నీటికి బదులు పోయడానికి ఉప్పు కలపని ఇదే నీరు మరో నలభై లీటర్లు విడిగా ఉంచుకోవాలి.

టబ్బు ఎంపిక

సనత్‌నగర్ నుంచి ఆటోనగర్ దాకా ఎక్కడైనా నీళ్లు నిల్వ చేసుకోవడానికి దొరికే పాత నీలం డ్రమ్ములు ఒకప్పుడు రసాయనాలు మోసినవి అయి ఉంటాయి. ఎన్నిసార్లు కడిగినా వాటిని నమ్మకూడదు. ఆహార పదార్థాలకు వాడే కొత్త టబ్బులే కొనాలి. అడుగున త్రికోణంలో 2 లేదా 5 అంకె ఉన్న ప్లాస్టిక్ మంచిది. బట్టలు దాచుకునే నలుచదరపు పెట్టెలు నీరు నింపగానే పక్కలకు ఉబ్బి ఎప్పుడో అర్ధరాత్రి పగులుతాయి. వంద లీటర్ల ఉప్పునీరు నూట రెండున్నర కిలోల బరువు. గుండ్రటి, మందపాటి టబ్బు ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. ముదురు రంగుదైతే చేపలు కూడా బెదరకుండా ఉంటాయి. కొత్త టబ్బును సబ్బు తగలనీయకుండా తెల్ల వెనిగర్ కలిపిన నీటితో కడిగి, నింపి రెండు రోజులు ఉంచితే వాసన పోతుంది, లీకు ఉంటే బయటపడుతుంది. గతంలో రాగి కలిసిన చేపల మందు వాడిన పాత్రను పగడాలకు, రొయ్యలకు ఎన్నడూ వాడకూడదు. ఇత్తడి కుళాయిలు, రాగి తీగలు కూడా ఆ నీటికి తగలకూడదు.

ఇక టబ్బును ఎక్కడ పెడతామన్నది చాలామంది పట్టించుకోని విషయం. వంటగది పక్కన తాలింపు పొగ, పూజగది పక్కన అగరువత్తుల పొగ నీటి ఉపరితలం మీద దిగుతాయి. దోమల మందు, బొద్దింకల స్ప్రే అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే కీటకాలను చంపే మందు రొయ్యలను, పీతలను కూడా చంపుతుంది. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీటిలోకి ఊదుతుందని గుర్తుపెట్టుకుని, ఆ పది రోజులు ఆ గదిలో దోమతెరతోనే సరిపెట్టుకోవాలి. గదికి వెల్ల వేయించే పని ఉంటే వాయిదా వేసుకోవాలి.

ఒక్కొక్క టబ్బుకు కావలసిన సామాను ఎక్కువేమీ కాదు: గంటకు వెయ్యి నుంచి రెండు వేల లీటర్లు తిప్పే చిన్న పవర్‌హెడ్ (నీటిలో మునిగి ఉండే పంపు) ఒకటి, స్పాంజి ఫిల్టరు, హీటర్, థర్మామీటరు, మూతగా బిగించడానికి సన్నటి వల. హీటర్ ప్లాస్టిక్ గోడకు ఆనితే గోడ కరిగి రంధ్రం పడుతుంది కాబట్టి దాన్ని రంధ్రాలు చేసిన పీవీసీ గొట్టంలో పెట్టి నీటిలో దింపాలి. ఉప్పునీటికి, కరెంటుకు పొత్తు కుదరదు. ప్లగ్గులన్నీ టబ్బు కన్నా ఎత్తులో ఉండాలి, తీగ ప్లగ్గు కన్నా కిందికి ఒకసారి వేలాడి పైకి వెళ్లాలి, ఆ లైనుకు కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సీ.సీ.బీ. స్విచ్చు ఉండాలి. కరెంటు పోయినప్పుడు పెద్ద ట్యాంకు రెండు గంటలు ఓర్చుకోవచ్చు. కిక్కిరిసిన టబ్బు ఓర్చుకోదు. 25 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు లీటరుకు ఏడు మిల్లీగ్రాముల లోపే ప్రాణవాయువును పట్టి ఉంచగలదు, మంచినీరైతే ఎనిమిది దాటి పట్టి ఉంచుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. కాబట్టి పంపులను ఇన్వర్టరు లైనుకు కలపాలి, లేదా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోవాలి. ఏదీ లేని అర్ధరాత్రి చెంబుతో నీరు ముంచి ఎత్తునుంచి పోస్తూ కూర్చోవడం కూడా పని చేస్తుంది.

దించే రోజు క్రమం

ముందు చేపలను పట్టుకుందామని వలతో రాళ్ల మధ్య వెంటాడటం అందరూ చేసే తప్పు. చేప బెదిరి రాతి సందులో దూరుతుంది, రాళ్లు కూలుతాయి, పగడాలు విరుగుతాయి. క్రమం దీనికి తలకిందులుగా ఉండాలి. దించేముందు రోజు చేపలకు తిండి పెట్టకూడదు. ఉదయం హీటర్ ప్లగ్గు తీసేయాలి, ఎందుకంటే నీరు తగ్గి గాలిలో వేడెక్కిన గాజు గొట్టం తిరిగి నీరు తగిలితే పగిలిపోతుంది. తరువాత పైనుంచి తేటనీటిని గొట్టంతో టబ్బులలోకి దించుకోవాలి, విడిగా ఉన్న పగడాలను తీయాలి, ఆపై రాళ్లను ఒక్కొక్కటిగా తీయాలి. దాక్కునే చోట్లు లేక నీరు జానెడు లోతుకు వచ్చేసరికి చేపలు వాటంతట అవే ఒక మూలకు చేరతాయి. అప్పుడు వాటిని వలతో కాకుండా ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాతో నీటితో సహా ఎత్తితే పొలుసుకు గాయం కాదు. ఇసుకను ఆఖరి చేప బయటికి వచ్చేదాకా కదపకూడదు. అడుగున నల్లబడ్డ ఇసుకలో హైడ్రోజన్ సల్ఫైడు ఉంటుంది. అది నీటిలో కలిస్తే చేపలు నిమిషాల్లో తేలిపోతాయి.

ఎత్తిన ప్రతి రాయినీ ఒకసారి తలకిందులుగా పట్టుకుని చూడాలి. గోబీలు, చిన్న పీతలు, రొయ్యలు రాతి రంధ్రాల్లోనే ఉండిపోయి రాతితోపాటు వేరే టబ్బులోకి వెళ్తాయి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒక గోబీ పోయిందని రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు రాళ్ల టబ్బులోంచి అది తొంగిచూసింది. అదే వారంలో మూత వేయడం మరచిన పాపానికి ఒక వ్రాస్ నిజంగానే నేలమీద దొరికింది. గోబీలు, వ్రాస్‌లు కొత్త చోట మొదటి రాత్రి తప్పకుండా దూకుతాయని లెక్కవేసుకోవాలి.

టాంగ్ తోక మొదట్లో కత్తిలాంటి ముల్లు ఉంటుంది, చేతితో పట్టుకోకూడదు. ర్యాబిట్ చేప, లయన్ చేప ముళ్లలో విషం ఉంటుంది. గుచ్చుకుంటే చేతిని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఉంచి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసినవి మాత్రం చూడటానికి చిన్న పూలలా ఉండే జోయాంథిడ్ పగడాలు. వీటిలో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. రాయి మీద పాకినవాటిని వదిలించుకుందామని వేడినీరు పోయడం, రాయిని ఉడకబెట్టడం, బ్రష్షుతో పొడిగా గీకడం వంటివి చేస్తే ఆ విషం ఆవిరితో, తుంపరలతో గాలిలోకి లేచి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు లేకుండా ఆ రాళ్లను తాకకూడదు. చేతి మీద చిన్న కోత ఉన్నా ఆ పని ఇంకొకరికి అప్పగించాలి.

ఎవరిని ఎవరితో ఉంచాలి

చోటు ఇరుకైనప్పుడు చేపల స్వభావాలు బయటపడతాయి. పెద్ద ట్యాంకులో సర్దుకుపోయిన డామ్సెల్ చేప టబ్బులో తక్కినవాటిని కొరికి చంపగలదు. మన ఉదాహరణలో టాంగ్‌ను, వ్రాస్‌ను ఒక టబ్బులో, క్లౌన్ జతను, గోబీని, రొయ్యలను పగడాలతోపాటు రెండో టబ్బులో ఉంచవచ్చు. రెండింటిలోనూ పీవీసీ గొట్టపు ముక్కలు నాలుగైదు వేస్తే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. చేపలు సగం భయం అక్కడే మరచిపోతాయి. మాండరిన్ చేప ఉంటే దాన్ని తప్పకుండా రాళ్ల టబ్బులోనే వదలాలి, ఎందుకంటే అది రాతి మీద పాకే సూక్ష్మమైన కోపీపాడ్లను ఏరుకుని తింటుంది, వేసిన తిండిని సాధారణంగా ముట్టదు.

మెత్తటి పగడాల్లో తోలు పగడాలు, అంటే సార్కోఫైటాన్, సినులేరియా వంటివి, ఇబ్బంది కలిగినప్పుడు నీటిలోకి రసాయనాలు వదిలి పక్కవాటిని అణచివేస్తాయి. మూడు వందల లీటర్లలో పలచబడే ఆ విషం వంద లీటర్లలో పలచబడదు. అందుకని పగడాల టబ్బులో యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి పంపు ముందు కట్టాలి, రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. పగడాలను ఒకదానికొకటి తగలకుండా, అడుగు నుంచి కొద్దిగా ఎత్తుగా, సీలింగు లైట్లకు వాడే గళ్ల ప్లాస్టిక్ పలక మీద నిలబెట్టడం మంచి పద్ధతి. కింద పడిన మురికిని సులువుగా తీయవచ్చు. రాతి పగడాలు పెంచే ప్రవాస తెలుగువారు యూఫీలియా జాతి పగడాలను ఎత్తేముందు నీటిలోనే మెల్లగా కదిలించి, కండ పూర్తిగా లోపలికి ముడుచుకున్నాక మాత్రమే బయటికి తీయాలి. నీటితో ఉబ్బిన కండ గాలిలో తన బరువుకే చిరిగిపోతుంది. రాత్రివేళ అవి తమ మీసాలు పొడవుగా చాస్తాయి కనుక పక్కవాటికి కనీసం జానెడు ఎడం ఉంచాలి.

సముద్రపు ఆనిమోన్‌ను (పూవులా కనిపించే మెత్తటి జీవిని) దాని పాదం పట్టిన రాయితో సహా మార్చడమే మేలు. తప్పక ఊడదీయవలసి వస్తే వేలి కొసతో అంచునుంచి నెమ్మదిగా లేపాలి, లాగకూడదు. పాదం చిరిగితే అది బతకడం కష్టం. టబ్బులో అది తిరుగుతుంది, తిరిగి పంపు నోట్లో పడుతుంది, పడితే టబ్బులోని నీరంతా ఒక్క రాత్రిలో విషమవుతుంది. పంపు నోటికి స్పాంజి తొడగాలి. స్పాంజి అనే సముద్ర జీవులను, సముద్ర నక్షత్రాలను, సముద్రపు ముళ్లకాయలను మాత్రం ఒక్క క్షణం కూడా గాలికి చూపకుండా నీటిలోనే గిన్నెలో ఎత్తి గిన్నెతోనే దించాలి.

వెలుతురు గురించి దిగులు పడనక్కరలేదు. మెత్తటి పగడాలు మూడు నాలుగు రోజులు గది వెలుతురులో ఉన్నా ఏమీ కాదు. వారం దాటితే ఒక చిన్న ఎల్ఈడీ దీపం రోజుకు ఆరు గంటలు చాలు.

బస నడిచే రోజులు

మొదటి డెబ్బై రెండు గంటలు కీలకం. పొద్దున, సాయంత్రం అమ్మోనియా, ఉష్ణోగ్రత, లవణీయత మూడింటినీ చూసి ఒక కాగితం మీద రాసుకోవాలి. సముద్రపు నీటి పీహెచ్ ఎనిమిది పైన ఉంటుంది కాబట్టి అక్కడ అమ్మోనియా మంచినీటి ట్యాంకులోకన్నా ఎక్కువ విషపూరితం. మొత్తం అమ్మోనియా 0.25 పీపీఎం (పది లక్షల వంతుల్లో పావు వంతు) చేరిందంటే వెంటనే, రంగు ఇంకా ముదిరే దాకా ఆగకుండా, మూడో వంతు నీరు మార్చాలి. అమ్మోనియాను బంధించే ద్రావణం ఒక సీసా ఇంట్లో ఉంటే అర్ధరాత్రి అక్కరకు వస్తుంది, అయితే దాన్ని నీటి మార్పుకు బదులుగా వాడకూడదు. అమ్మోనియా నైట్రేటుగా మారే దారిలో పుట్టే నైట్రైటు కొద్దిగా కనిపిస్తే కంగారు వద్దు. ఉప్పునీటిలో క్లోరైడు వల్ల దాని హాని బాగా తగ్గుతుంది.

లవణీయత చాపకింద నీరులా మారిపోతుంది. ఫ్యాను గాలి తగిలే వంద లీటర్ల టబ్బులో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైతే 35 పీపీటీ ఉన్న నీరు 36.5కు చేరుతుంది, రెండు రోజులు మరచిపోతే 38 అవుతుంది. ఆవిరయ్యేది నీరే కాని ఉప్పు కాదు. కనుక టబ్బు గోడకు మార్కరుతో గీత గీసి, రోజూ ఆ గీత దాకా ఉప్పు కలపని ఆర్.ఓ. నీరే పోయాలి. ఇంట్లో పెద్దవాళ్లకు అప్పగించి ఊరికి వెళ్తే ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి వెళ్లాలి, ఎందుకంటే తగ్గిన నీటికి ఉప్పునీరు పోయడమే అందరికీ సహజంగా తోస్తుంది.

తిండి విషయంలో మనసు రాయి చేసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న చేపలు మూడు రోజులు తినకపోయినా బతుకుతాయి. ఎక్కువ తిన్న చేపలు తమ టబ్బును తామే చంపుకుంటాయి. రెండు రోజులకొకసారి, రెండు నిమిషాల్లో తినగలిగినంత వేసి, మిగిలినదాన్ని వెంటనే తీసేయాలి. టాంగ్‌కు ఒక చిన్న ముక్క నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) క్లిప్పుకు తగిలిస్తే సరిపోతుంది. నత్తలు, పీతలు ఎక్కడో ఒకటి చచ్చి ఉంటుంది. ఉదయం చూపులో వాటిని లెక్కపెట్టి, కదలనిదాన్ని తీసి వాసన చూడాలి. చచ్చిన నత్త వాసనను ఎవరూ పొరపడరు.

తిరిగి ఇంటికి

ట్యాంకు సిద్ధమయ్యాక పాత ఇసుకను మళ్లీ వాడాలనే ఆశ పుడుతుంది. వాడదలిస్తే బకెట్లలో నీరు తేటగా వచ్చేదాకా పదిసార్లు కడిగి, బ్యాక్టీరియా పోయిన ఇసుకగానే లెక్కించాలి. కొత్త అరగొనైట్ (సున్నపు రకం) ఇసుక వేసి, పాత ఇసుక పై పొరలోంచి ముందుగా తీసి తడిగా ఉంచిన ఒక గిన్నెడు మట్టుకు దానిమీద చల్లడం నాకు నచ్చిన పద్ధతి. విశాఖ రామకృష్ణా బీచ్ ఇసుక ఉచితంగా దొరుకుతుంది కదా అని తెచ్చి వేయకూడదు. అందులో ఏమి కలిసి ఉంటుందో మనకు తెలియదు, తీరం నుంచి తవ్వుకురావడం సరైన పనీ కాదు.

రాళ్లను ఇసుక మీద కాకుండా నేరుగా గాజు అడుగు మీదనో, గళ్ల పలక మీదనో నిలబెట్టి, ఆ తరువాత ఇసుక పోస్తే, గోబీలు తవ్వినా గుట్ట కూలదు. నీటిని ఒక పళ్లెం మీదకు నెమ్మదిగా పోయాలి. పంపులు, కార్బన్, నురగతో మురికిని తీసే స్కిమ్మరు నడిపి తేటపడనిచ్చి, మరుసటి రోజు అమ్మోనియా సున్నా ఉందని చూశాక పగడాలను దించాలి. చేపలను ఇంకో రోజు ఆగి దించాలి. టబ్బుకు, ట్యాంకుకు ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ, లవణీయతలో 1 పీపీటీ కన్నా ఎక్కువ తేడా ఉంటే సన్నటి గొట్టంతో ట్యాంకు నీటిని చుక్కలు చుక్కలుగా గంటసేపు టబ్బు నీటిలో కలిపి అలవాటు చేయాలి. చేపలకు తెల్ల మచ్చల జబ్బు ఉన్నట్టు అనుమానం ఉంటే తొందరపడి తిరిగి వదలకూడదు. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి ఆశ్రయం లేక నశించడానికి ట్యాంకును చేపలు లేకుండా 76 రోజులు ఉంచడం అక్వేరియం పెంపకందారులలో స్థిరపడిన ఆచారం, చేపలు ఎలాగూ బయట ఉన్నాయి కనుక ఇంతకన్నా మంచి అదను మళ్లీ రాదు.

దీపాలను మొదట సగం వెలుతురుతో మొదలుపెట్టి పది రోజుల్లో పాత స్థాయికి తేవాలి. మసక వెలుతురుకు అలవాటు పడ్డ పగడాల మీద ఒక్కసారిగా పూర్తి వెలుతురు పడితే అవి తెల్లబడతాయి. రెండు వారాల పాటు తిండి సగమే వేస్తూ, అమ్మోనియా పరీక్ష రోజూ చేస్తూ ఉండాలి. ఆ రెండు వారాలూ ఒక టబ్బును స్పాంజి ఫిల్టరుతో సహా నడుపుతూనే ఉంచాలి. ట్యాంకు మూల మళ్లీ చెమర్చినా, ఏదైనా చేప కుదురుకోకపోయినా వెనక్కి తేవడానికి చోటు ఉంటుంది.

మిగిలిన ఉప్పునీటిని పెరటి కరివేపాకు మొదట్లోనో, అపార్ట్‌మెంటు ఇంకుడు గుంతలోనో పోయకూడదు. మొక్క ఎండుతుంది, భూగర్భ జలం ఉప్పబడుతుంది. స్నానాల గది మోరీలో ఎక్కువ మంచినీటితో కలిపి వదలాలి. తీసేసిన రాతి ముక్కలను, పగడపు ముక్కలను చెరువులోనూ సముద్రంలోనూ పడేయకుండా, జోయాంథిడ్లు అంటుకున్నవాటిని తొడుగులు వేసుకుని బ్లీచింగ్ పౌడరు కలిపిన చల్లటి నీటిలో ఒక రోజు ఆరుబయట మూతపెట్టి ఉంచి, ఆ తరువాత సంచిలో కట్టి చెత్తకు ఇవ్వాలి.